కళింగనగరానికి నివాళి

కళింగానికి విశాఖ ఎన్నడూ రాజధాని కాలేదు. అయినా ఈ తీరాన పుట్టిన మాకు ఆ రాజ్యమే పెద్దదిక్కు. మహానది దాటి పరచుకున్న రోజులూ, వంశధార పరిసరాల్లో ఒదిగి బతికిన రోజులూ దానికి ఉన్నాయి. అది వెళ్ళిపోయి ఎంతకాలమైనా, తలచుకుంటే మనసు బరువెక్కుతుంది.

అశోకుడి దండయాత్రలో లక్షమంది మరణించారని ఆ చక్రవర్తే రాయించాడు. అంతటి దెబ్బ తిన్న నేల కళింగరాజు ఖారవేలుడి నాటికి మళ్ళీ తలెత్తుకుంది. నాలుగో శతాబ్దిలో సముద్రగుప్తుడు వచ్చేసరికి కళింగానికి ఒకే గద్దె అంటూ లేదు. పిష్టపురంలో మహేంద్రుడు, దేవరాష్ట్రంలో కుబేరుడు ఏలుతున్నారు. మొదటిది నేటి పిఠాపురం, రెండోది మన యలమంచిలి సీమ. ఆపైన శ్రీకాకుళం దగ్గరి సింగుపురానికీ రాజధాని భాగ్యం దక్కింది.

కానీ నేను ముఖ్యంగా నివాళి పట్టేది కళింగనగరానికి, అంటే వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగానికి. తూర్పు గాంగులు శతాబ్దాల పాటు అక్కడి నుంచి పాలించారు. వారి రాగి రేకులు చదివితే ఆ మర్యాదకు చేతులు జోడించాలనిపిస్తుంది. అన్ని ఋతువుల్లోనూ సుఖమిచ్చే ఊరని ముందు నగరాన్ని తలచుకుంటారు. మహేంద్రగిరి మీది గోకర్ణస్వామికి మొక్కుతారు. ఆ తరువాతే రాజు పేరు. దానమిచ్చిన పల్లె ఎంత చిన్నదైనా దాని ఎల్లలు పుట్టతో, చెట్టుతో, రాతితో, వాగుతో సహా ఓపికగా చెప్పిస్తారు. తన పొలిమేర ఏనాడూ కుదురుగా నిలవని రాజ్యం రైతు పొలిమేరను అంత శ్రద్ధగా కాపాడింది! యుద్ధాల కన్నా ఈ పనిలోనే దాని గొప్పతనం నాకు కనిపిస్తుంది.

1078లో గాంగరాజు అనంతవర్మ చోడగంగదేవుడు పట్టాభిషిక్తుడయ్యాడు. దక్షిణాన చోళుల ఒత్తిడి ఎంతటిదంటే, ఆ రోజుల్లో విశాఖకే కులోత్తుంగచోళపట్టణమన్న పేరు పడింది. ఉత్తరాన ఉత్కళం చేతికొచ్చింది. విశాలమైన ఆ మహానది సీమను ఏలడానికి గద్దె కటకానికి తరలింది. కళింగనగరం నెమ్మదిగా గుడుల ఊరుగా మిగిలింది.

వెళ్ళినవాళ్ళు మమ్మల్ని మరువలేదు. కోణార్క కట్టించిన నరసింహదేవుడి వంశమే 13వ శతాబ్దిలో సింహాచలం ఆలయానికి నేటి రూపమిచ్చింది. అఖండదీపాలకు ఇచ్చిన దానాల శాసనాలు ఆ రాళ్ళ మీద ఇంకా ఉన్నాయి. 15వ శతాబ్దిలో గాంగుల గద్దె గజపతులకు పోయింది. 1516లో కృష్ణదేవరాయలు జైత్రయాత్రగా సింహాద్రి ఎక్కాడు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఆ పాత నేల మీద మరో గీత పడింది. పర్లాకిమిడి అటు వెళ్ళింది, ముఖలింగం ఇటు ఉండిపోయింది. శివరాత్రి వెళ్ళాక ముఖలింగంలోని మధుకేశ్వరుడి చక్రతీర్థ స్నానానికి వంశధారలోకి రెండు రాష్ట్రాల వాళ్ళూ దిగుతారు, తెలుగులోనూ ఒడియాలోనూ ఆ స్వామినే పిలుస్తూ.