పదవిని వదులుకున్న కార్మిక నేత వి.వి.గిరి

గుణదల: హౌరా వైపు నుంచి వచ్చే రైళ్లు బెజవాడ చేరే ముందు దాటే స్టేషన్ గుణదల. కార్మికుల వైద్యం కోసం నెలకొల్పిన ఈఎస్ఐ ఆసుపత్రి కూడా ఇక్కడే ఉంది. రైలు కార్మికుల సంఘంతో ప్రజాజీవితంలో ఎదిగి, దేశానికి కార్మిక మంత్రిగా, చివరకు రాష్ట్రపతిగా పనిచేసిన తెలుగు నాయకుడు వరాహగిరి వేంకటగిరి. బీసెంట్ రోడ్డు దుకాణాల గుమాస్తా మొదలు బ్యాంకు ఉద్యోగి వరకు, జీతంపై బతికే ప్రతివారూ తెలుసుకోదగిన జీవితం ఆయనది.

ఐర్లండ్‌లో తొలి పాఠాలు

గిరి 1894 ఆగస్టు 10న నాటి మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి గిరి డబ్లిన్ వెళ్లారు. అక్కడి స్వాతంత్ర్య పోరాటం, కార్మికోద్యమం ఆయనను ఆకట్టుకున్నాయి. 1916 ఈస్టర్ తిరుగుబాటు అనంతరం ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో ఆయన ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. స్వదేశంలో న్యాయవాద వృత్తి చేపట్టినా, సహాయ నిరాకరణోద్యమ కాలంలో దానిని విడిచిపెట్టారు.

రైలు కార్మికుల వెంట

బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేయడంతో గిరి పేరు దేశమంతటా వినిపించింది. ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా 1920ల చివరలో ఆయన నాయకత్వాన సాగిన సమ్మె అహింసాయుత పోరాటంగా గుర్తింపు పొందింది. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ వ్యవస్థాపకులలో ఆయన ఒకరు. ఆ సంస్థకు చాలాకాలం ప్రధాన కార్యదర్శిగా వ్యవహరించారు. 1926లోను, 1942లోను ఏఐటీయూసీకి అధ్యక్షులయ్యారు. 1931లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశంలో భారత కార్మికుల ప్రతినిధిగా పాల్గొన్నారు.

1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. యుద్ధం వచ్చి మంత్రివర్గం రాజీనామా చేయడంతో తిరిగి ఉద్యమంలోకి, అక్కడి నుంచి జైలుకు వెళ్లారు. 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలో మరల చోటు లభించింది.

దుకాణ కార్మికులకు రక్షణగా మద్రాసు దుకాణాలు, సంస్థల చట్టం 1947లో వెలువడింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనివేళలు, వారాంతపు సెలవు దాని ద్వారా సంక్రమించాయి. తెల్లవారి తలుపులు తీసింది మొదలు రాత్రి లెక్కలు ముగిసేవరకు గుమాస్తా దుకాణంలోనే ఉండాలన్న ఆనవాయితీకి చట్టం హద్దు గీసింది. ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానంలో 1966లో ఒకటి, 1988లో మరొకటి చట్టాలు వచ్చాయి.

గుమాస్తాల కోసం రాజీనామా

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైన గిరి, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. ఈఎస్ఐ పథకం కాన్పూర్, ఢిల్లీలలో ఆరంభమైనది ఆ ఏడాదే. వివాదాలను న్యాయస్థానాలకు ఈడ్చకుండా యాజమాన్యాలు, కార్మికులు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. అది గిరి విధానంగా పేరుపొందింది.

అసలు పరీక్ష 1954లో ఎదురైంది. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై కార్మిక అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును కేంద్రం సవరించి తగ్గించింది. ఉద్యోగులకు దక్కిన హక్కును తానున్న ప్రభుత్వమే కత్తిరించడం ఆయనకు మింగుడుపడలేదు. ఆగస్టులో పదవికి రాజీనామా చేశారు. ఆ వివాదంపై కేంద్రం గజేంద్రగడ్కర్ కమిషన్‌ను నియమించగా, దాని నివేదిక అనంతరం 1955లో ప్రత్యేక చట్టం వచ్చింది.

రాష్ట్రపతి పీఠంపై

1957లో పార్వతీపురంలో ఓటమి చవిచూసిన గిరి, తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాల గవర్నరుగా పనిచేశారు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి, మరో తెలుగు నేత నీలం సంజీవరెడ్డిని ఓడించారు. తొలి లెక్కింపులో ఎవరికీ ఆధిక్యం రాకపోవడంతో రెండవ ప్రాధాన్య ఓట్లు ఫలితాన్ని తేల్చాయి.

పదవీకాలం చివరి నెలల్లో మరో విషమ ఘట్టం ఎదురైంది. 1974 మే 8న రైల్వే సమ్మె మొదలైంది. ఆయన పాలుపంచుకుని స్థాపించిన ఫెడరేషనే సమ్మెకు ముందునిలిచింది. వేలాదిమంది కార్మికులు అరెస్టయ్యారు. ఇరవై రోజులకు సమ్మె ముగిసింది. 1954లో రాజీనామాతో నిరసన తెలిపిన గిరి ఈసారి పదవిలోనే కొనసాగారు. ఆయన జీవితాన్ని అంచనా వేసేవారు ఈ రెండు సందర్భాలనూ పక్కపక్కన పెట్టి చూడక తప్పదు.

1975లో భారతరత్న పొందిన గిరి, 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. చట్టాలు ఎన్ని వచ్చినా వారాంతపు సెలవు, పనివేళలు అడిగి సాధించుకోవలసిన చిన్న దుకాణాల ఉద్యోగికి మాత్రం, సంఘం లేనిదే హక్కు లేదన్న గిరి జీవితసారమే అసలైన స్మారకం.