రైతుబిడ్డ రాబర్ట్ బాష్, మీ ట్రాక్టర్ ఇంజెక్టర్
రాబర్ట్ బాష్ 1861లో జర్మనీలోని ఆల్బెక్ గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టారు. 1886లో స్టుట్‌గార్ట్‌లో చిన్న వర్క్‌షాపు పెట్టారు. అప్పటి డీజిల్ ఇంజన్లలో ఇంధనం చిమ్మడానికి బరువైన గాలి కంప్రెసర్ కావలసి వచ్చేది. 1922లో పని మొదలుపెట్టించి, 1927కల్లా ఇంజెక్షన్ పంపులను తయారీకి తెచ్చారు. డీజిల్ ఇంజను లారీకి, ట్రాక్టరుకు సరిపోయేలా చిన్నదైంది. 1942లో కన్నుమూశారు.

ఇంజెక్టర్ లోపలి సందు వెంట్రుక కన్నా సన్నం. దుమ్ము పడితే పాడవుతుంది.

పాత రకమైతే చుట్టూ శుభ్రంగా తుడిచి మీరే విప్పండి, కొత్త రాగి వాషర్‌తో బిగించండి. కూలి మిగులుతుంది. ప్రెషర్ పరీక్ష మాత్రం డీజిల్ పంపు షాపులోనే చేయించండి. కామన్ రైల్ ఇంజనైనా, వారంటీ ఉన్నా డీలర్ దగ్గరకే వెళ్లండి. చిమ్మే డీజిల్‌కు చెయ్యి అడ్డం పెట్టకండి, చర్మంలోకి దూసుకుపోతుంది.