కట్టమంచి రామలింగారెడ్డిగారు – కావ్యతులనము

ఆంధ్రసాహిత్యవిమర్శ చరిత్రలో కట్టమంచి రామలింగారెడ్డిగారికి విశిష్టమైన స్థానము కలదు. కవికాలనిర్ణయము, పాఠశోధనము, అలంకారనిర్దేశము మాత్రమే విమర్శగా చెల్లుచుండిన దినములలో కావ్యమును కావ్యముతో పోల్చి, ఆ తారతమ్యమునకు హేతువు చూపవలెనని పట్టుపట్టినవారిలో వారు ముఖ్యులు. ఈ పట్టుదల విద్యార్థిదశలో వ్రాసిన యొక పోటీరచనయందు అంకురించి, ప్రౌఢవయస్సున విమర్శగ్రంథమై, తుదకు ఒక విశ్వవిద్యాలయ నిర్వహణమందును ప్రతిఫలించినది. రెండు కావ్యములను పోల్చి వ్రాయుడను ప్రశ్న పరీక్షాపత్రములలో సామాన్యమైనందున, ఆ తులనము నెట్లు చేయవలెనో తెలియుటకు వారి జీవితము చక్కని నిదర్శనము.

రెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు సమీపమునందలి కట్టమంచి గ్రామమున జన్మించిరి. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డిగారు, తల్లి నారాయణమ్మగారు. చిత్తూరులో పాఠశాలావిద్య ముగించుకొని చెన్నపురి క్రైస్తవకళాశాలలో చేరిరి. ఆ కళాశాలలో ఆంధ్రభాషాభిరంజని యను సమాజ ముండెను. ఆంగ్లవిద్య ప్రబలముగా నున్న యాచోట తెలుగుపై అభిమానము గల విద్యార్థులకు అది ఆశ్రయము. 1899లో ఆ సమాజమువారు కావ్యరచనకు పోటీ యేర్పఱచిరి. బ్రౌనుదొర ప్రకటించిన అనంతపుర చరిత్రములోని ముసలమ్మ కథ అందుల కితివృత్తము.

కథ స్వల్పము. బుక్కరాయసముద్రపు చెఱువు వానలకు నిండి కట్ట తెగనున్నది. బసిరెడ్డి కోడలు ముసలమ్మ బలియైనగాని గ్రామము నిలువదని దైవవాక్కు వినవచ్చినది. ఆ యిల్లాలు అత్తమామల యొద్దను, భర్త యొద్దను సెలవు గైకొని, బిడ్డను విడిచి, గ్రామరక్షణార్థము నీటిలో ప్రవేశించినది. దీనిని పద్యకావ్యముగా రచించి పందొమ్మిదేండ్ల రెడ్డిగారు బహుమానమును పొందిరి. అదియే 1900లో ప్రకటితమైన ముసలమ్మ మరణము.

ఈ పోటీలో గమనింపదగిన యంశ మొకటి కలదు. ఇతివృత్తము ముందే నియతమైనది కావున, కథ యెవరిదను విచారణకు తావు లేదు. అదే కథను ఎవ్వరెట్లు నిర్వహించిరి, ఏ ఘట్టమున నిలిచిరి, దేనిని సంగ్రహించిరి, రసమును ఎచ్చట పండించిరి అనునవియే విచార్యములు. విషయము సమానమైనపుడే భేదము స్పష్టముగా గోచరించును. తులనమునకు ఇది మొదటి నియమము. రెడ్డిగారు ఈ నియమమును మొదట పోటీలో పరీక్షితులుగా నెఱిగి, అనంతరము విమర్శకులుగా ప్రయోగించిరి.

ఆ కృతి విషాదాంతము. రాజులు, దివ్యులు కాక సామాన్య గృహిణి నాయిక. మంగళాంతమునకు అలవడిన పాఠకులకు ఇది క్రొత్త. సంస్కృతమున విషాదాంతరూపక మసలే లేదని యప్పటి విద్వాంసులు తలంచుట సహజము; భాసుని ఊరుభంగము అనంతశయన గ్రంథమాలలో వెలువడినది 1912లో గదా. కావున రెడ్డిగారు మార్గమును వీడిరని కొందఱును, నూతనమార్గము తెఱచిరని మఱికొందఱును భావించిరి. ఆధునికాంధ్ర కవిత్వమునకు తొలి కృతులలో నొకటిగా పిదపవారు దాని నంగీకరించిరి.

అటుపిమ్మట రెడ్డిగారు ప్రభుత్వ విద్యార్థివేతనముతో 1902లో ఇంగ్లండునకేగి, కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్రను అభ్యసించిరి. స్వదేశమునకు వచ్చి బరోడా కళాశాలలో కొంతకాలమును, పిదప మైసూరు మహారాజా కళాశాలలో చరిత్రాచార్యులుగాను, అధ్యక్షులుగాను పనిచేసిరి. మైసూరు సంస్థాన విద్యాశాఖాధికారమును 1921 వఱకు నిర్వహించిరి. వారి వృత్తి చరిత్రబోధనము. తెలుగు వారి అభిమానవిషయము. ఈ రెంటి సంయోగమువలన వారి విమర్శకు ఒక ప్రత్యేకత కలిగినది. కారణము లేక కార్యము లేదను చరిత్రకారుని దృష్టిని వారు కావ్యములపై ప్రసరింపజేసిరి.

ఆ దృష్టికి ఫలము 1914లో వెలువడిన కవిత్వతత్త్వవిచారము. పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయ ప్రభావతీప్రద్యుమ్నములు ఇందు ప్రధాన లక్ష్యములు. ఎన్నిక యందే వివేకము కలదు. కవి యొక్కడు, కావ్యములు రెండు. ఒకదాని కథ కవి స్వకల్పితము; రెండవదానికి హరివంశము మూలము. కళాపూర్ణోదయ పూర్వభాగమున చిక్కుముడులై నిలిచిన సందేహములు పరభాగమున మధురలాలస పూర్వజన్మస్మృతివలన విడివడును. ఇట్టి కథాసంవిధానమునకు మూలమైన భావనాశక్తియే కవిత్వమునకు ప్రాణమని రెడ్డిగారి సిద్ధాంతము. వర్ణనలు కథ నణచివేయుట, శబ్దాలంకారములకై భావమును బలిపెట్టుట దోషములని వారు నిష్కర్షగా చెప్పిరి. ఈ తీర్పు ప్రబంధకవులపై కఠినముగా పడినది. పండితలోకమున కలకలము రేగి, ఖండనమండనములు పెక్కు వెలువడినవి.

ఆ ఖండనములలో న్యాయమైన భాగము లేకపోలేదు. ఆంగ్లసాహిత్యముచే సంస్కృతమైన కొలమానముతో, అన్యలక్ష్యముగా పుట్టిన ప్రబంధమును కొలుచుట పూర్ణన్యాయము కాదు. శ్లేషయమకాదులయందు రమించు సభ యొకటి యుండెను; ఆ సభకొఱకు కవి వ్రాసెను. ఆ ప్రయోజనమును విస్మరించి గుణదోషవిచారణ చేసినచో తులనము ఏకపక్షమగును. అంతేకాక, ప్రాచీనాలంకారికులు కథానిర్మాణమును పట్టించుకొనలేదను భావమునకు వారి గ్రంథము తావిచ్చినది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున, మూలకథ రసమునకు అనుచితమైనచో దానిని విడిచి ఉచితమైన కథాంతరమును కల్పింపవచ్చునని విధించియే యున్నాడు. ఆ గ్రంథము 1891లోనే కావ్యమాలలో అచ్చైనది.

అయినను రెడ్డిగారి పక్షమున చెప్పవలసిన దొకటి మిగిలియున్నది. ప్రకరణవక్రతను, ప్రబంధవక్రతను వేఱుగా నిరూపించి, ఒకే కథ భిన్నకవుల చేతులలో భిన్నమగుటను సవిస్తరముగా చర్చించిన కుంతకుని వక్రోక్తిజీవితము సుశీలకుమార్ డేగారి పరిష్కరణమున వెలుగుచూచినది 1923లో. అనగా కవిత్వతత్త్వవిచారము వెలువడిన తొమ్మిదేండ్లకు. తమకు లభింపని శాస్త్రము చేయవలసిన పనిని రెడ్డిగారు పరదేశ విమర్శ సాహాయ్యమున చేయబూనిరి. పాశ్చాత్యమను కారణముచే ఖండింపబడిన ప్రశ్న కాశ్మీరదేశమున శతాబ్దములకు పూర్వమే పుట్టియుండెనని తెలిసిన పిదప, ఉభయపక్షముల వాదమునందలి వేడి కొంత చల్లాఱవలసియున్నది.

వారి మార్గము విద్యార్థి కెట్లుపయోగించునో ఒక యుదాహరణమున చూడవచ్చును. శృంగారనైషధమునందలి హంసను, ప్రభావతీప్రద్యుమ్నమునందలి శుచిముఖిని పోల్చుమని ప్రశ్న వచ్చినదనుకొందము. సామాన్యముగా విద్యార్థి మొదటి రెండు పుటలలో నలకథను, పిదప రెండు పుటలలో వజ్రనాభుని కథను వ్రాసి, రెండును రమణీయములే యని ముగించును. అది రెండు కథల సంగ్రహము; తులనము కాదు. నలునిచే పట్టువడి విడువబడిన హంస కృతజ్ఞతచే దూత్యమునకు పూనుకొన్నది. శుచిముఖి యన్ననో ఇంద్రకార్యమునకై వచ్చినది; ప్రభావతి హృదయమున ప్రేమను మొలకెత్తించుట వజ్రనాభవధమున కంగము. ఒకచో ప్రత్యుపకారము, వేఱొకచో రాజనీతి. ఈ హేతుభేదమును పట్టుకొన్న విద్యార్థికి ఆ పక్షుల వాక్చాతుర్యమునందలి భేదము, నాయికలను సమీపించు రీతియందలి భేదము స్వయముగా గోచరించును. సామ్యము మొదట, వైషమ్యము పిదప, హేతువు తుద. ఈ క్రమమున వ్రాసిన నాలుగు వాక్యములు నాలుగు పుటల కథాసంగ్రహముకంటె విలువగలవి.

1926లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు ఏర్పడగా రెడ్డిగారు దానికి ప్రథమోపాధ్యక్షులైరి. 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆ పదవిని త్యజించిరి. తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1931 మొదలు 1936 వఱకు ఆ స్థానము నలంకరించిరి. 1936లో రెడ్డిగారు మరల వచ్చి 1949 వఱకు కొనసాగిరి. కవిత్వతత్త్వవిచారమునందు పండితులతో తలపడినవారు విశ్వవిద్యాలయమున పండితులను నిరాదరింపలేదు. పరిషత్తు 1927లో వేదము వేంకటరాయశాస్త్రిగారికి కళాప్రపూర్ణ బిరుదము నొసగినది. 1938లో వ్యావహారికభాషోద్యమ నాయకులైన గిడుగు రామమూర్తిపంతులుగారికి అదే బిరుదము లభించినది. ఈ రెండు గౌరవములును రెడ్డిగారి కాలముననే జరిగినవి. భిన్నమార్గగాములైన ఇరువురిని వారివారి గుణములచే గుర్తించుట కూడ ఒకవిధమైన తులనమే. 1948లో శ్రీ అరవిందులకు తమ పేర నేర్పడిన జాతీయబహుమానమును పరిషత్తు పక్షమున సమర్పించిరి. అరవిందులును పూర్వము బరోడా కళాశాలలో అధ్యాపకులే.

1942లో సర్ బిరుదము పొందిన రెడ్డిగారు 1951 ఫిబ్రవరి 24వ తేదీన కీర్తిశేషులైరి. వారి తీర్పులు కొన్ని నిలిచినవి, కొన్ని సడలినవి. ప్రబంధములపై వారు చేసిన ఆక్షేపణలకు సమాధానములు చెప్పుటకై పండితులు ఆ ప్రబంధములనే మరల శ్రద్ధతో చదువవలసి వచ్చినది. చదివించిన విమర్శ వ్యర్థము కాదు. పందొమ్మిదేండ్ల ప్రాయమున ఒకే కథను ఇతరులతోపాటు వ్రాసి పరీక్షకు నిలిచినవారు, జీవితాంతము ఇతరుల కృతులను అదే పరీక్షకు నిలిపిరి. పరీక్షాపత్రమున తులనమును కోరు అధ్యాపకుడు మొదట తానే ఆ రెండు కావ్యములను ప్రక్కప్రక్కన పెట్టుకొని, సామ్యమునకును వైషమ్యమునకును హేతువు నిర్ణయించుకొన్నచో, విద్యార్థి ఉత్తరమును కొలుచుటకు అర్హుడగును. రామలింగారెడ్డిగారి కృషినుండి ప్రాచ్యకళాశాలలు గ్రహింపదగినది ఇదియే.