తొంభై వసంతాల ఎర్ర బస్సులకు జేజేలు

అమెరికాలోని మోంటానా కొండల్లో, గ్లేసియర్ నేషనల్ పార్కులో తొమ్మిది దశాబ్దాలుగా యాత్రికుల సేవలో తరిస్తున్న ఎర్ర బస్సులకు ఈ 2026 వేసవి తొంభయ్యో వసంతం. ఎక్కి ఆనందించిన వారందరి తరఫున, ఎక్కాలని ఎదురుచూస్తున్న వారి తరఫున కూడా, హృదయపూర్వక శుభాభినందనలు!

1933లో ఈ పార్కులో గోయింగ్ టు ది సన్ రోడ్డు ప్రారంభమైంది. దాదాపు 80 కిలోమీటర్ల ఆ దారి 6,646 అడుగుల ఎత్తున ఉన్న లోగన్ కనుమను దాటుతుంది. అంతటి దారికి తగిన వాహనం కావాలి గదా! క్లీవ్‌లాండ్‌లోని వైట్ మోటార్ కంపెనీ 1936 నుంచి 1939 వరకు తయారుచేసిన 706 మోడల్ బస్సులు ఇక్కడికి చేరాయి. వరుసకో తలుపు, పదిహేడు మందికి చోటు, చుట్టి వెనక్కి నెట్టేసే కాన్వాస్ టాపు. టాపు తీస్తే శిఖరాలు, జలపాతాలు, ఆకాశం అన్నీ ప్రయాణికుడివే. చలివేస్తే కప్పుకోవడానికి దుప్పటి సిద్ధం. ఆర్టీసీ ఎర్ర బస్సు కిటికీ పక్క సీటు కోసం పోటీపడుతూ పెరిగిన మనకు, కిటికీయే అక్కర్లేని ఈ ఎర్ర బస్సు మీద మమకారం కలగడంలో వింతేముంది?

మలుపు మలుపునా గేర్లతో కుస్తీపట్టి బండిని కొండెక్కించిన డ్రైవర్లకు 'జామర్లు' అని ముద్దుపేరు. గేర్లు మారినా పేరు మారలేదు. స్టీరింగు పట్టుకునే కొండల కథలన్నీ చెప్పే ఈ సారథులకు ప్రత్యేక వందనం.

అన్నిటికన్నా మెచ్చుకోవలసింది 1999 నాటి గండం గట్టెక్కిన తీరు. ఆరు దశాబ్దాల శ్రమకు లోహం అలసి, చట్రాలు బీటలిచ్చాయి, బస్సులు ఆగిపోయాయి. పాత ఇనుముకింద కట్టి పంపేయడం ఎంత సులువు! అలా జరగనివ్వలేదు. ఫోర్డ్ సంస్థ ముందుకొచ్చింది. పాత ఒళ్లు అలాగే ఉంచి కొత్త చట్రం, ప్రొపేన్‌తోనూ పెట్రోలుతోనూ నడిచే ఇంజను అమర్చగా, 2002లో మళ్లీ రోడ్డెక్కాయి. ఒక్క బస్సును మాత్రం తొలినాటి రూపంలోనే పదిలపరిచారు. ఇటీవలి మరమ్మతుల్లో హైబ్రిడ్ ఇంజన్లూ వచ్చాయి. అద్దాల గదిలో కొలువుదీరకుండా, ఇప్పటికీ జనాన్ని మోస్తూ నిలిచిన ఈ వారసత్వం మహోన్నతం.

పెళ్లి బృందాలు, కుటుంబ వేడుకలు, వేసవి సెలవుల్లో అమెరికా నలుమూలల నుంచి వచ్చే మన తెలుగువారు... ఎందరి శుభఘడియలకో ఈ రథాలు సాక్షులు కావాలి! ఎర్రదనం వన్నె తరగకుండా, టాపు ఎప్పుడూ ఆకాశానికి తెరిచే ఉండాలని దీవిస్తున్నాం. 2036 శతాబ్ది ఉత్సవానికి పదేళ్లే గడువు. ఆ వేసవికి సీట్లు ఇప్పుడే అడిగి ఉంచుతున్నాం!