గద్య తిక్కన

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848 వ సంవత్సరము ఏప్రిల్ 16 వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి సుబ్బారాయుడుగారు గతించుటచే, తల్లి పున్నమ్మగారును పెదతండ్రి వెంకటరత్నముగారును వారిని పెంచిరి. దేహము మిక్కిలి దుర్బలము. చిన్ననాడు పట్టిన దగ్గు జీవితాంతము బాధించుచునే యుండెను. అయినను చదువునందు వారి ఆసక్తి అమితము. కొంతకాలము కోరంగిలోను ధవళేశ్వరములోను ఉపాధ్యాయులుగా నుండి, పిదప రాజమహేంద్రవరమున తెలుగు పండితులైరి.

యౌవనమున వారు వ్రాసిన ఒక కావ్యము పేరు శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము. ఆ పేరు పలుకుటకే నోరు తిరుగదు! అందు సంస్కృతపదములు లేవు. పెదవులు కలిసి పలుకు అక్షరములు లేవు. నిర్వచనము గనుక వచనమును లేదు. నాటి పండితులు ఇట్టి నేర్పునే మెచ్చుచుండిరి. తిక్కన సోమయాజియు నిర్వచనోత్తర రామాయణమును రచించెను గదా! వచనమును విడిచి కావ్యము వ్రాసిన ఈ యువకునికే తరువాత గద్య తిక్కన యను పేరు వచ్చుట వింతయే.

పద్యమునకు గణములు, యతిప్రాసలు ఆధారములు. అర్థము కొంత మరుగుపడినను నడక చదువరిని ముందునకు కొనిపోవును. వచనమునకు ఆ ఆధారము లేదు. ఒక వాక్యము తరువాత మరియొక వాక్యము ఏల వచ్చినదో చదువరికి తెలియవలెను. పరవస్తు చిన్నయసూరి 1853 లో ప్రకటించిన నీతిచంద్రిక కథల గ్రంథము. పంతులుగారును మొదట ఆ ఫక్కినే సంధి, విగ్రహములను వచనమున వ్రాసిరి. కథకు క్రమము చాలును. నక్క వచ్చి, చూచి, తలపోసి, పలికెనని క్రియలను దారమున గ్రుచ్చినట్లు గ్రుచ్చిన కథ సాగిపోవును. కాని ఒక విషయము న్యాయమా, అన్యాయమా యని జనులకు బోధింపవలసివచ్చినపుడు ఆ దారము చాలదు. కారణము చెప్పుటకు ఏలయన అనవలెను. ఎదుటివాని మాట నొప్పుకొనియు తన మాట నిలుపుటకు అయినను అనవలెను. ఫలితము తేల్చుటకు కావున అనవలెను. ఇవి చిన్న మాటలే. ఇటుకల నడుమ సున్నమును చూచి గోడను పొగడువారు లేరు. అది లేనిచో గోడయే నిలువదు.

1874 లో పంతులుగారు వివేకవర్ధని యను పత్రికను స్థాపించిరి. లంచగొండితనమును, మూఢాచారములను ఖండించుట దాని పని. తొలుత అందలి భాష కఠినముగా నుండెను. పండితులు సంతోషించిరి గాని, ఎవరికొరకు ఆ పత్రిక పుట్టెనో వారికి అర్థము కాలేదు. అది గ్రహించి పంతులుగారు సమాసములను తగ్గించి, సంధులను సడలించి, పదములు వేరువేరుగా కనబడునట్లు వ్రాయసాగిరి. తన పాండిత్యమును తానే తగ్గించి చూపుట పండితునికి సులభము కాదు.

ఆ శైలికి అసలైన పరీక్ష 1879 లో వచ్చెను. ఆనాడు ఐదారేండ్లకే పెండ్లియై, కాపురమనగా నెరుగకమునుపే వైధవ్యము పొందిన బాలికలు అనేకులుండిరి. 1856 లోనే పునర్వివాహమునకు చట్టము అనుమతించినను సంఘము అనుమతింపలేదు. శాస్త్రము నిషేధించుచున్నదని పండితుల వాదము. పంతులుగారు కోపముతో కేకలు వేయలేదు. బంగాళమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు చేసినట్లే పరాశరస్మృతిని ఆధారముగా గైకొని, రాజమహేంద్రవరమున ఉపన్యసించిరి. మొదట ప్రతిపక్షుల మాట చెప్పుట, అందలి లోపము చూపుట, అట్లయినచో ఏమగునని ప్రశ్నించుట, తుదకు కావున అని తేల్చుట వారి పద్ధతి. ఒక మెట్టు ఎక్కిన శ్రోత రెండవ మెట్టు ఎక్కక తప్పదు. ప్రతిపక్షులు ఖండనములు వ్రాసిరి. పంతులుగారు వానికి సమాధానములు వ్రాసిరి. తెలుగు వచనము ఈ వాదములలోనే గట్టిపడినదని చెప్పవచ్చును.

మాటతో పని ముగియలేదు. 1881 డిసెంబరు 11 వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము వారి యింటనే జరిగెను. బంధువులు వెలివేసిరి. వంటవారు, నీళ్లు తెచ్చువారు పని మానిరి. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే వండి, గోదావరి నుండి తామే నీళ్లు మోసిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసాహాయ్యము చేసిరి. వచనమున వాదించుట ఒక ఎత్తు; బిందె నెత్తుకొని నదికి పోవుట మరియొక ఎత్తు. ఆ యింట రెండును జరిగినవి.

పంతులుగారు రచించిన గ్రంథములు నూరుకు మించినవి. వానిలో రాజశేఖర చరిత్రము 1880 లో గ్రంథరూపమున వెలువడిన నవల. ప్రహసనములు, తర్కశాస్త్ర, వ్యాకరణ సంగ్రహములు, ఆంధ్రకవుల చరిత్రము, స్వీయచరిత్రము వారు వ్రాసినవే. 1919 లో గిడుగు రామమూర్తి పంతులుగారు మొదలగువారితో కూడి వ్యావహారిక భాషను ప్రచారము చేయుటకు ఏర్పడిన సమాజమునకు అధ్యక్షులైరి. వ్యాకరణము వ్రాసిన వృద్ధుడు వాడుకభాష పక్షమున నిలుచుట కొందరికి మింగుడుపడలేదు. అప్పటికి వారికి డెబ్బది యేండ్లు నిండినవి. కవుల చరిత్రమును సరిదిద్దు పనిలో నుండగనే, ఆ సంవత్సరము మే 27 వ తేదీన, చెన్నపట్టణమున వారు కన్నుమూసిరి.