ఎంబీబీఎస్ దక్కలేదు.. మందులిచ్చి వెళ్లారు

యలహంక: మెడికల్ సీట్ల కౌన్సెలింగ్ మొదలైందంటే యలహంకలోని తెలుగిళ్లలో కొన్నాళ్లపాటు కంటిమీద కునుకుండదు. మొదటి రౌండ్ లిస్టులో పేరు లేకపోతే రెండో రౌండ్ చూద్దామంటారు. అందులోనూ రాకపోతే మాప్‌అప్, అదీ అయిపోతే మిగిలిపోయిన సీట్ల రౌండ్. హిందూపురం, పెనుకొండ, మడకశిర వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలకు మరో చిక్కు కూడా ఉంది. సొంత రాష్ట్రంలో లోకల్ అనిపించుకోవాలంటే అక్కడ చదివిన ఏళ్లు లెక్కలోకొస్తాయి. కర్ణాటక కోటాలోకి రావాలంటే ఇక్కడ చదివిన ఏళ్లు చూపించాలి. అటు కొన్నేళ్లు, ఇటు కొన్నేళ్లు చదివిన పిల్లల్లో కొందరు రెంటికీ చెడతారు.

2024లో నీట్ రాసినవారు 23 లక్షల పైచిలుకు. దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త ఎక్కువ. అంటే ఇరవై మంది రాస్తే సీటు దక్కేది ఇంచుమించు ఒక్కరికే. ఆ ఒక్కరి ఇంట్లో స్వీట్లు పంచుతారు. మిగతా ఇళ్లలో పిల్లలు గది తలుపేసుకుని కూర్చుంటారు. బయట అమ్మానాన్నలకు ఏం చెప్పాలో తోచదు.

అలాంటి ఇళ్లలో చెప్పుకోవాల్సిన జీవితం ఒకటుంది. మెట్రిక్ రెండుసార్లు తప్పి, డాక్టరీ చదివినా పూర్తి డిగ్రీకి నోచుకోక, సర్కారు వైద్య కొలువులోకి రానివ్వక.. అయినా ప్రపంచానికి మందులిచ్చిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం అది. అందులో గెలుపు ఎంత ఉందో, దానికి ఆయనా ఆయన ఇంటివాళ్లూ చెల్లించిన ఖరీదూ అంతే ఉంది.

మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. ఏడుగురు సంతానంలో నాలుగోవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో పనిచేస్తూ అనారోగ్యంతో ముందే ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. ఇల్లు గడవడమే కష్టమైంది.

పిల్లవాడికి చదువు మీద ధ్యాస నిలవలేదు. పదమూడేళ్ల వయసులో బంధువుల కుర్రాడిని వెంటబెట్టుకుని కాశీకి బయల్దేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే డబ్బులొస్తాయని ఆశ. దారిలోనే పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. తల్లి ఊరుకోలేదు. మళ్లీ పుస్తకాల ముందు కూర్చోబెట్టింది.

రాజమండ్రిలో చదువుతుండగా అయినవాళ్లను జబ్బులు పొట్టనబెట్టుకున్నాయి. ఆ దెబ్బకు చదువు సాగలేదు. రెండుసార్లు మెట్రిక్ తప్పాడు. చివరికి మద్రాసు వెళ్లి హిందూ హైస్కూల్లో చదివి మూడోసారి గట్టెక్కాడు. ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్. ఈలోగా మనసు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మిషన్‌లో చేరాలనుకున్నాడు. తల్లి ఒప్పుకోందే తీసుకోమన్నారు వాళ్లు. తల్లి ససేమిరా అంది. వైద్యం చదివితే అదీ సేవేనని మిషన్ పెద్దలు దారి చూపించారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. చేతిలో పైసా లేదు. స్నేహితులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తి అనే పెద్దమనిషి కొంత సాయం చేశారు. ఆయన కుమార్తె శేషగిరితో 1919 మేలో సుబ్బారావు పెళ్లయింది.

ఖద్దరు గౌను తెచ్చిన తంటా

అవి గాంధీజీ పిలుపుతో విదేశీ బట్టలు వదిలేస్తున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలో వేసుకునే గౌను కూడా ఖద్దరుదే కుట్టించుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా పూర్తి ఎంబీబీఎస్ ఇవ్వలేదు. దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా చేతిలో పెట్టి పంపారు.

ఆరోజుల్లో ఈ తేడా చిన్నదేం కాదు. తోటి విద్యార్థులు ఎంబీబీఎస్ బోర్డు తగిలించుకుంటుంటే తను ఒక మెట్టు కింద నిలబడాలి. మద్రాసు మెడికల్ సర్వీసులో చేరడానికి ప్రయత్నించారు. కుదర్లేదు. ఏళ్ల తరబడి చదివింది వైద్యం. తీరా చూస్తే సర్కారు ఆసుపత్రిలో చోటు లేదు.

ఇక్కడ సుబ్బారావు చేసింది గమనించాలి. కోర్టులూ అర్జీలూ అంటూ తిరగలేదు, ఇంట్లోనూ కూర్చోలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పని దొరికితే చేరిపోయారు. ఇంగ్లిషు వైద్యం చదివినవాళ్లు చిన్నచూపు చూసే చోటది. అక్కడే మూలికల గుణాలు పరిశీలించే అలవాటు పడింది. పరిశోధన మీద ఆశ పుట్టింది.

ఇంట్లో కొట్టిన పిడుగు

అప్పుడే ఇంట్లో పిడుగు పడింది. కొద్దిరోజుల తేడాతో ఇద్దరు సోదరులు స్ప్రూ జబ్బుతో పోయారు. మనవాళ్లు సంగ్రహణి అంటారు. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు. రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోతాడు. ఆ తర్వాత అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. డాక్టరీ చదివి కూడా తోడబుట్టినవాళ్లను కాపాడుకోలేకపోయానన్న బాధ ఆయన్ను జీవితాంతం వదల్లేదు. ఉష్ణదేశాల జబ్బుల మీద చదవాలంటే అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లాలి. రాక్‌ఫెల్లర్ స్కాలర్‌షిప్ మీద మద్రాసు వచ్చిన ఓ అమెరికన్ డాక్టర్ పరిచయంతో ఆ ఆశ గట్టిపడింది. వెళ్లడానికి డబ్బేదీ? కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆదుకుంటానంది. మిగతాది మామగారు కూడగట్టారు. అలా 1923 అక్టోబర్‌లో బోస్టన్‌లో దిగారు.

పగలు క్లాసు.. రాత్రి పోర్టర్

హార్వర్డ్‌లో చేరినా మద్రాసు పట్టా అక్కడ కడుపు నింపలేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పనికి కుదిరారు. వైద్యం చదివిన మనిషి, రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. పగలు చదువు. మరుసటి ఏడాదికల్లా ఉష్ణదేశ వ్యాధుల్లో డిప్లొమా చేతికొచ్చింది. అక్కడి నుంచి జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కె దగ్గర చేరారు.

1925లో ఫిస్కె, సుబ్బారావు కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి ప్రకటించారు. లేబొరేటరీల్లో తరాల తరబడి వాడిన పద్ధతి అది. దాన్ని పట్టుకునే 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. మనం చెయ్యి కదిపినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యేది ఈ ఏటీపీయే. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దీన్ని కనుక్కున్నారు. ఇప్పుడు నీట్‌కు చదివే ప్రతి పిల్లా, పిల్లవాడూ బయాలజీ పుస్తకంలో ఏటీపీ గురించి బట్టీపడతారు. దాన్ని వెలికితీసిన వారిలో ఒకరు తమలాగే తిరస్కారం చవిచూసిన తెలుగువాడని ఎందరికి తెలుసో!

1930లో పీహెచ్‌డీ వచ్చింది. పర్మినెంట్ ఉద్యోగం మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు అప్పట్లో వెలుగు చూడలేదని, వాటిని ఆ తర్వాత ఇతరులు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని అదే శాఖలో పనిచేసి, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో బయటపెట్టారు. దాదాపు పదిహేడేళ్లు గడిచాక, 1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధనలన్నిటికీ డైరెక్టర్ అయ్యారు.

అన్నదమ్ముల జబ్బుకు మందు

లెడర్లీలో చేరాక సుబ్బారావు పాత బాకీ తీర్చుకున్నారు. రక్తం పట్టడానికి కావాల్సిన పోషకం ఒకటుందని లూసీ విల్స్ అనే ఇంగ్లిషు డాక్టరమ్మ బొంబాయి మిల్లు కార్మిక గర్భిణులను పరీక్షించి 1931 నాటికే చెప్పారు. దాన్నే ఫోలిక్ యాసిడ్ అన్నారు. 1945లో సుబ్బారావు బృందం దాన్ని లేబొరేటరీలో తయారు చేసింది. స్ప్రూ వల్ల వచ్చే రక్తహీనతకు అది పనిచేసింది. సోదరులను మింగిన జబ్బుకు మందు దొరికింది.. వాళ్లు పోయిన రెండు దశాబ్దాల తర్వాత.

1947లో హెట్రజాన్ వచ్చింది. బోదకాలుకు మందు. సొంత గోదావరి జిల్లాల్లో కాళ్లు వాచి కుంటుకుంటూ నడిచే మనుషులను చూస్తూ పెరిగిన సుబ్బారావుకు ఇది ఎంత దగ్గరి జబ్బో చెప్పక్కర్లేదు. డీఈసీ మాత్రలని మన ఊళ్లలో ఇంటింటికీ పంచేవి ఇవే.

యూనివర్సిటీ వయసైపోయిందని రిటైర్ చేసిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తకు కూడా లెడర్లీలో చోటు దొరికింది. డెబ్బై దాటిన ఆ పెద్దాయన మట్టిలోంచి పట్టిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది.

అడ్డంకులు దాటిన ఇద్దరు.. ఒక మందు

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఉండేవారు. ఆయన కుర్రతనంలో అమెరికా మెడికల్ కాలేజీల్లో యూదు విద్యార్థులకు సీటు దొరకడం గగనం. ఫార్బర్ జర్మనీ వెళ్లి మొదటి ఏడాది అక్కడ చదివి, నేరుగా రెండో ఏడాదిలో హార్వర్డ్‌లో చేరారు. ముందు తలుపు మూస్తే పక్క తలుపు నుంచి వచ్చిన మనిషన్నమాట.

రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు అప్పటిదాకా ఏ మందూ లేదు. వారాల్లో పోయేవారు. ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే పదార్థంతో క్యాన్సర్ కణాలను ఆపొచ్చేమోనని ఫార్బర్ ఆలోచన. అలాంటి అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం తయారు చేసి పంపింది. 16 మంది పిల్లలకు ఇస్తే పది మందిలో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కు తగ్గింది. 1948 జూన్‌లో ఈ ఫలితం అచ్చయింది. రక్త క్యాన్సర్ మందుకు లొంగుతుందని డాక్టర్లకు ధైర్యం వచ్చింది అప్పుడే. దానికి తోబుట్టువులాంటి మెథోట్రెక్సేట్ కూడా లెడర్లీ నుంచే వచ్చింది. ఇవాళ్టికీ పిల్లల రక్త క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి డాక్టర్లు అది రాస్తున్నారు.

తీరని బాకీ

గెలుపు లెక్క ఇది. ఖరీదు కూడా చెప్పుకోవాలి. 1923లో ఓడెక్కిన సుబ్బారావు మళ్లీ సొంతూరు చూడలేదు. భార్య శేషగిరి ముఖం మళ్లీ చూడలేదు. పని తర్వాత పని అడ్డొచ్చింది. ఏళ్లు గడిచాయి. భారతీయులకు అమెరికా పౌరసత్వం ఇవ్వని చట్టం 1946లో సడలినా ఆయన తీసుకోలేదు. రక్త క్యాన్సర్ ఫలితం అచ్చయిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. నోబెల్ రాలేదు. పేరు పదిమందికీ తెలియలేదు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

ఎంబీబీఎస్ ఇవ్వకపోవడమే మేలైందని అనేవాళ్లున్నారు. ఆ మాట అనుకోవడం తేలిక. దాని బరువు మోసింది మాత్రం మద్రాసులో వీధులు తిరిగిన సుబ్బారావు, ఇక్కడ ఎదురుచూస్తూ ఉండిపోయిన శేషగిరమ్మ. అన్యాయం అన్యాయమే. ఆయన గొప్పతనమల్లా, పట్టా పోయినా జబ్బును మాత్రం వదలకపోవడం. సోదరులను తీసుకుపోయిన జబ్బు ఏమిటన్న ప్రశ్నను మద్రాసు నుంచి బోస్టన్‌కు, అక్కడి నుంచి లెడర్లీకి వెంట తీసుకెళ్లారు.

బళ్లారి రోడ్డు పక్కనే..

యలహంక సర్కారు ఆసుపత్రిలో గర్భిణులకు చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. నగరంలోని కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి సరిహద్దు జిల్లాల నుంచి పిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రులకు మెథోట్రెక్సేట్ పేరు తెలిసే ఉంటుంది.

యలహంకకు దగ్గర్లోనే, బళ్లారి రోడ్డుకు అటూ ఇటూ, జక్కూరులో జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత పరిశోధన కేంద్రం, జీకేవీకే ఆవరణలో జాతీయ జీవశాస్త్ర కేంద్రం ఉన్నాయి. కణాల మీద, జబ్బుల మీద అక్కడ రాత్రింబవళ్లు పనిచేసేవారిలో ఎంబీబీఎస్ చదవనివాళ్లే ఎక్కువ. బీఎస్సీ, ఎమ్మెస్సీ, ఫార్మసీ దారిలో వచ్చినవాళ్లున్నారు. మరో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు వెళ్లాలా, వేరే కోర్సులో చేరాలా అన్నది ఏ ఇంటికా ఇల్లు తేల్చుకోవాల్సిందే. వైద్యానికి పనికొచ్చే దారి ఒక్కటే లేదని మాత్రం సుబ్బారావు జీవితం చూస్తే తెలుస్తుంది.

రేపటి రౌండ్‌లో పేరుంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. లేకపోతే ఆ రాత్రి తలుపు తట్టి పిల్లలను అన్నానికి పిలవడం ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉంది. కాశీ దారి పట్టిన కొడుకును మళ్లీ చదువులో పెట్టినప్పుడు వెంకమ్మకు మందుల సంగతేం తెలియదు. పిల్లవాణ్ని మాత్రం వదల్లేదు.