ఆనంద భవన్ ఇంటిపెద్ద మోతీలాల్

తండ్రి మరణించిన మూడు నెలలకు, 1861 మే 6న, ఆగ్రాలో మోతీలాల్ నెహ్రూ జన్మించారు. ఆయనను పెంచి, చదివించినది అన్న నందలాల్. 1887లో ఆ అన్న కూడా కన్నుమూయగా, ఆయన భార్యాబిడ్డల భారమంతా పాతికేళ్ల ఈ యువ న్యాయవాదిపై పడింది.

అలహాబాద్ హైకోర్టులో ఆయన ప్రతిభకు తగిన సంపద లభించింది. 1900లో కొన్న విశాల సౌధానికి ఆనంద భవన్ అని నామకరణం చేశారు. ఈతకొలను, గుర్రాలు, మోటారు కార్లు, అతిథులతో ఆ ఇల్లు కళకళలాడేది. సాయంకాల మిత్రగోష్ఠిలో ఆయన పగలబడి నవ్వే నవ్వు నగరమంతటా ప్రసిద్ధి. ఆగ్రహమూ అంతే తీవ్రం. ఇంటిల్లిపాదీ ఆ నవ్వుకు మురిసి, ఆ కోపానికి వెరచేవారు.

1919లో కుమారుడు జవహర్‌లాల్ సత్యాగ్రహంలో చేరబోగా ఆయన అంగీకరించలేదు. అయినా కారాగారవాసపు కష్టమెట్టిదో గ్రహించేందుకు, ఎవరికీ చెప్పక, నేలపై పడుకొని చూశారు. 1920లో తానే న్యాయవాద వృత్తిని త్యజించారు. రాబడి ఆగింది, గుర్రాలు, బండ్లు అమ్ముడుపోయాయి, నౌకర్లు తగ్గారు. 1921 డిసెంబరులో తండ్రీకొడుకులు ఒకేనాడు అరెస్టయ్యారు. జరిమానా చెల్లించ నిరాకరించినందున పోలీసులు ఇంటి తివాచీలను, సామగ్రిని జప్తు చేశారు.

1923లో చిత్తరంజన్ దాస్‌తో కలిసి స్వరాజ్య పార్టీని స్థాపించారు. 1928లో రాజ్యాంగ నివేదికను రూపొందించిన సంఘానికి అధ్యక్షత వహించారు. ముచ్చటపడి కొన్న ఆ సౌధాన్ని 1930లో కాంగ్రెస్‌కు ధారాదత్తం చేయగా, అది స్వరాజ్ భవన్ అయింది. ఆ ఏడే మళ్లీ జైలుకు వెళ్లి, అనారోగ్యంతో విడుదలై, 1931 ఫిబ్రవరి 6న లక్నోలో తుదిశ్వాస విడిచారు.